స్టోర్‌కీపర్ కార్డు మీద ఫాస్ట్ బౌలర్

2005. షార్జాలోని రోలాలో ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా చేసేవాణ్ణి. అప్పట్లో కొన్ని కంపెనీలు పోటీపడి క్రికెట్ టీములు నడిపేవి. మంచి బౌలర్ దొరికితే ఊరి నుంచి రప్పించి, ఏదో ఒక ఉద్యోగం పేరు మీద వీసా కొట్టించేవి. అతని అసలు పని బంతి వేయడమే.

జగిత్యాల నుంచి అలా వచ్చినవాడే గంగాధర్. ఒక బుధవారం టీము మేనేజర్ హమీద్ భాయ్ అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. శుక్రవారం ఫైనల్. భుజం ఫిట్ అని నేను రిపోర్టు రాసివ్వాలి.

గంగాధర్ కుడిచేతిని పక్కకు ఎత్తి పట్టుకుని, మెల్లగా దించమని వదిలాను. దబ్బున పడిపోయింది. దీన్ని డ్రాప్ ఆర్మ్ టెస్ట్ అంటాం. రొటేటర్ కఫ్, అంటే భుజాన్ని గూటిలో పట్టి ఉంచే కండరాలు, చీలాయని అనుమానం.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెల్లసంది గోలీలేసుకొని ఏస్తున్న సార్. ఎవ్వలకు చెప్పలే. తల గూడ ఎడమచేత్తోనే దువ్వుకుంటున్న."

నాకు ఒళ్లు మండింది. "ఇంకొక్క మ్యాచ్ ఆడితే ఆ చెయ్యి ఇక లేవదు" అని అరిచాను.

"ఐసా నక్కో డాక్టర్ సాబ్, అట్లనకుండ్రి" అన్నాడు హమీద్ భాయ్. "అన్‌ఫిట్ అని రాస్తే ముదీర్ వీసా ఖలాస్ చేస్తడు." ముదీర్ అంటే వాళ్ల కంపెనీ పెద్ద.

"దండం పెడ్త సార్, ఫిట్ అనే రాయుండ్రి" అన్నాడు గంగాధర్.

ఫిట్ అంటే చెయ్యి పోతుంది, అన్‌ఫిట్ అంటే ఉద్యోగం పోతుంది. ఏం రాయాలో తోచక, ముందు ఫారం నింపుదామని లేబర్ కార్డు అడిగాను. అందులో వృత్తి: స్టోర్‌కీపర్.

"స్టోర్‌లో ఏం చేస్తావయ్యా?"

"స్టోర్ ఏడున్నదో గూడ తెల్వది సార్."

గబగబా రాశాను: స్టోర్‌కీపర్ పనికి ఫిట్. బరువులు ఎత్తకూడదు. బౌలింగ్ చేయకూడదు. స్కాన్ తీయించాలి.

హమీద్ భాయ్ రెండుసార్లు చదివాడు. "ఇదేంది సాబ్?"

"మీ కంపెనీ ఇచ్చిన కార్డు చూసే రాశాను. తప్పంటే కార్డే తప్పని, అది బయటపడితే చిక్కు కంపెనీకేనని ముదీర్‌కి చెప్పండి."

అతను రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గంగాధర్ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "నా బౌలింగ్ ఖలాస్ చేసినవు సార్" అన్నాడు. తర్వాత ఎక్సర్‌సైజులకు కూడా వేరే క్లినిక్‌కి వెళ్లాడు. ఆ మాట చాన్నాళ్లు గుచ్చుకుంది.

2007లో మళ్లీ కనిపించాడు, నడుం పట్టుకుని. స్టోర్‌లో కింది అరలు సర్దుతుంటే పట్టేసిందట. "తాళాలన్నీ ఇప్పుడు నా తాననే ఉంటయి సార్" అన్నాడు. నిలబడలేక నిలబడి, జేబులోంచి దువ్వెన తీసి, కుడిచేత్తో తల దువ్వి చూపించాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నొప్పి ఎక్కడని అడిగే ముందు ఏం పని చేస్తావని అడుగుతాను ఇప్పుడు. ఆ తర్వాత కార్డు కూడా చూపించమంటాను.