లాగు జేబులో సోడియం

జానకీబాయి పిరికిది. ఆ సంగతి లక్సెట్టిపేట హైస్కూలు పిల్లలకు ఆమె సైన్సు టీచరుగా వచ్చిన వారంలోనే తెలిసిపోయింది. గాలికి తలుపు కొట్టుకుంటే ఉలిక్కిపడేది. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే అన్నం సయించేది కాదు. రజాకార్ల రోజుల్లో, పద్నాలుగేళ్ల వయసులో, ఇంట్లోవాళ్లు ఆమెను ఒక పగలంతా జొన్నల పాతరలో దాచి ఉంచారు. భయం అప్పటిదేనని తల్లి అనేది. కాదు, పుట్టుకతోనే వచ్చిందని జానకీబాయికి తెలుసు.

దానికి తోడు చదువు భయం ఒకటి. కరీంనగర్‌లో ఆమె చదివింది ఉర్దూలో. పరమాణువంటే జౌహర్, మూలకమంటే ఉన్సుర్. ఇప్పుడు అదే పాఠం తెలుగులో చెప్పాలి. నోరు జారి ఉర్దూ మాట వస్తే పిల్లలు నవ్వుతారని, పొద్దున వంట చేస్తూ కూడా పరమాణువు, కేంద్రకం, ఆవర్తన పట్టిక అని గొణుక్కునేది. అల్మారాలో కిరసనాయిలు సీసాలో ఉన్న సోడియం జోలికైతే ఏడాదంతా పోలేదు.

అది అరవై ఒకటో సంవత్సరం, మార్చి నెల. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ మధ్యాహ్నం చదివిందంతా తిరగేస్తూ ఆమె బోర్డు మీద సోడియం పరమాణువు గీసింది. మధ్యలో కేంద్రకం, దానిలో పదకొండు ప్రోటాన్లు, పన్నెండు న్యూట్రాన్లు. చుట్టూ మూడు వలయాలు. మొదటి దానిలో రెండు ఎలక్ట్రాన్లు, రెండో దానిలో ఎనిమిది, చివర ఒక్కటి.

"గీ చివరోన్ని చూడుండ్రి. ఒక్కడే ఉన్నడు. ఎవరన్న రమ్మంటె చాలు, లేచి పోతడు. పట్టికల మొదటి నిలువు వరుస అంత గిట్లాంటోళ్లే. లిథియం, సోడియం, పొటాషియం. కిందికి పోయినకొద్ది చివరోడు కేంద్రకానికి దూరమైతడు. అందుకే ఇంక తొందరగ పోతడు."

వెనక బెంచీలోంచి హనుమండ్లు లేచాడు. ఏటి అవతలి ఊరివాడు. రెండుసార్లు తప్పి, మీసాలు వచ్చాక కూడా లాగు తొడుక్కుని బడికి వస్తున్నవాడు.

"టీచర్, సోడియం లోహమంటిరి. చాకుతోని కోస్తరంటిరి. నీళ్లల్ల వేస్తె మండుతదంటిరి. చూడకుంట ఎట్ల యాదికుంటది?"

తరగతంతా చూపించమని పట్టుపట్టింది. కాదనడానికి జానకీబాయికి నోరు రాలేదు. అల్మారా తెరిచి, పట్టకారుతో ముద్దను బయటికి తీసి, అద్దుడు కాగితం మీద పెట్టి కోసింది. కోసినచోట వెండిలా మెరిసింది. పెసరగింజంత ముక్కను నీళ్ల తొట్టిలో వేసింది. అది గుండ్రంగా కరిగి, బుసకొడుతూ నీళ్ల మీద అటూ ఇటూ పరుగెత్తి మాయమైంది. పిల్లలు బెంచీలెక్కి చూశారు. అంతలో ఆఖరు గంట కొట్టారు.

అందరూ వెళ్లాక పెద్ద ముద్దను సీసాలో వేసి, ఆమె మళ్లీ కాగితం వైపు చూసింది. కోయగా మిగిలిన చింతగింజంత ముక్క ఒకటి ఉండాలి. లేదు. బల్ల కింద వెతికింది, తొట్టి చుట్టూ వెతికింది. వరండాలో వెంకటి అనే పిల్లవాడు సైకిలు తుడుచుకుంటున్నాడు. అడిగితే ముందు నేల చూపులు చూశాడు.

"హనుమండ్లు కాయితంల చుట్టుకపోయిండు టీచర్. సదువుతోని ఏమొస్తదని వాళ్ల బాపు రోజు తిడుతుండట. బాపుకు చూపెడతనన్నడు."

"జేబుల పెట్టుకున్నడా?"

"లాగు జేబుల."

వాడు ఇంటికి పోవాలంటే గోదావరి దాటాలి. ఎండాకాలంలో పడవ ఉండదు. అందరూ నీళ్లలో నడిచే పోతారు. మొదటి పాయ మోకాలి లోతు, ఇసుక దిబ్బ దాటాక రెండో పాయ నడుం దాకా. పెసరగింజంత ముక్క అంత గోల చేసింది. చింతగింజంత ముక్క తడిగుడ్డలో ఇరుక్కుని, ఒంటికి అంటుకుని ఉంటే? ఆమె ఆ ఆలోచన పూర్తి కానివ్వలేదు. బజారులో జనం చూస్తుండగా కొంగు బిగించి ఏటివైపు పరుగుతీసింది. మధ్యలో చెప్పు తెగితే రెండూ విడిచేసింది.

ఒడ్డుకు చేరేసరికి హనుమండ్లు మొదటి పాయ దాటి దిబ్బ మీద నడుస్తున్నాడు. నెత్తి మీద పుస్తకాల సంచి.

"హనుమండ్లూ! ఆగు!"

వాడు వెనక్కి చూశాడు. టీచరు పరుగెత్తుకొస్తున్నది. దొంగతనం బయటపడిందనుకుని వాడు ఇంకా జోరుగా రెండో పాయవైపు ఉరికాడు. తన కేకే వాణ్ని నీళ్లలోకి తరుముతున్నదని ఆమెకు అర్థమైంది. అన్నాళ్లుగా ఆ ఊళ్లో ఉండి కూడా ఆమె ఏట్లో కాలు పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది. పాదాల కింద ఇసుక జారిపోతుంటే, కళ్లు మూసుకోవాలనిపిస్తున్నా మూసుకోకుండా, దిబ్బ మీదికి చేరింది.

వాడు అప్పటికే తొడల లోతులో ఉన్నాడు.

"నేను కొట్ట బిడ్డా! హెడ్మాష్టర్‌తోని కొట్టియ్య! మీ అవ్వ మీద ఒట్టు, జర ఆగు!"

హనుమండ్లు ఆగాడు. నీళ్లు జేబుకు బెత్తెడు కిందున్నాయి.

"జేబుల ఉన్నదా?"

"ఉన్నది టీచర్."

"తడిసిందా?"

"తడవలే." వాడు జేబు వైపు చూసుకున్నాడు. ముఖం మారింది. "గని ఎచ్చగైతుంది టీచర్."

వాడి చెమటకో, ఎగిరిపడ్డ తుంపరకో కాగితం లోపల రగలడం మొదలైంది. వెనక్కి రమ్మందామంటే నాలుగడుగులు వేసేలోపు ఇంకెన్ని తుంపరలు పడతాయో. తీసి పారేయమందామంటే వాడి చేతులు తడిగా ఉన్నాయి. జానకీబాయి నీళ్లలోకి దిగింది. చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని, పొడిగా ఉన్న కొంగును పళ్ల మధ్య కరుచుకుని నడిచింది. వాడి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"కాలుతుంది టీచర్! అవ్వో, కాలుతుంది!"

"కదలకు. నా దిక్కు చూడు."

కొంగు చేతికి చుట్టుకుని, జేబులో చేయి పెట్టి, దొరికిన కాగితం ముద్దను బలమంతా పెట్టి ప్రవాహం పోయే వైపు విసిరింది. అది నీళ్లకు తగిలి బుస్సుమంది. పసుప్పచ్చని మంట లేచింది. వెంటనే తుపాకీ పేలినట్టు చప్పుడు. దిబ్బ మీద కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

ఆమె జేబును బయటికి తిప్పి దులిపింది. వాడి తొడ మీద రూపాయి బిళ్లంత మేర తెల్లగా కాలి, సబ్బు రాసినట్టు జారుతున్నది. నలుసులేవీ మిగల్లేదని కొంగుతో తుడిచి చూసుకుని అప్పుడు అరిచింది. "కూసో! నీళ్లల్ల కూసో!"

"నీళ్లంటెనే మండుతదంటిరి!"

"ముక్క పోయింది. ఇప్పుడు నీళ్లే మందు. కూసో!"

వాడు మెడ లోతున కూర్చుని ఏడ్చాడు. తన చేయి కూడా నీళ్లలో ముంచి పట్టుకుని ఆమె పక్కనే నిలబడింది. కొంగుకు చేయి పట్టేంత రంధ్రం పడింది. వణుకు అప్పుడు మొదలైంది. ఆగలేదు.

వెనక్కి ఒక్కతే దాటే ధైర్యం ఆమెకు లేకపోయింది. వాణ్ని ఒంటరిగా పంపే ధైర్యమూ లేదు. వాడి చేయి పట్టుకుని అవతలి ఒడ్డుకే నడిచింది.

హనుమండ్లు తల్లి పోశవ్వ కొడుకు తొడ చూసి నెత్తి కొట్టుకుంది. "సదువుకోను తోలితె నిప్పు కట్టి పంపుతరా పంతులమ్మా? ఏటి నడుమ వీడు కాలిపోతె నాకు పీనుగన్న దొరుకునా?"

తండ్రి మల్లన్న మాత్రం మెల్లగా, తేల్చి చెప్పాడు. "ఇంక సదువు బంద్. పరీక్ష లేదు, గిరీక్ష లేదు. రేపే మందమర్రి బొగ్గుబాయిల పనికి తోల్త."

"తప్పు నాది," అంది జానకీబాయి. "ముక్కలు చూసుకోకుంట పిల్లల దిక్కు తిరిగిన. నా తప్పుకు వాని పరీక్ష ఆపకుండ్రి. పాసైతడు."

"రెండుసార్లు తప్పినోడు పాసైతడా? గది నీళ్లల్ల ఎందుకు మండుతదో వీనికి ఎరుకేనా?"

హనుమండ్లు ఆముదం రాసిన తొడను ఊదుకుంటూనే తలెత్తాడు. "ఎరుకే బాపు. దాని సుట్టు పదకొండు ఎలక్ట్రానులుంటయి. పది లోపల కుదురుగ ఉంటయి. ఆఖరుది ఒక్కటే. దాన్ని నీళ్లకు ఇడిసేస్తది. అప్పుడు ఏడి పుడుతది, గాలి లేస్తది, గా గాలి అంటుకుంటది. పొటాషియమైతె ఇంక జోరుగ మండుతది."

మల్లన్నకు అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. కొడుకు ఆగకుండా అంత మాట్లాడటం అతను ఎన్నడూ వినలేదు. తడిబట్టలతో గజగజలాడుతున్న పంతులమ్మను చూసి భార్యతో అన్నాడు. "పొడి చీర ఇయ్యి." ఇంకాసేపటికి మళ్లీ, "గీ ఒక్కపారి రాయని."

మర్నాడు మల్లన్నే ఆమెను ఏరు దాటించాడు. జానకీబాయి నేరుగా హెడ్మాస్టరు జనార్దన్‌రావు గదికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన చేతి గుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"ఎవరికన్న తెలిస్తె మనిద్దరి నౌకరీ పోతది జానకీబాయిగారూ. ఎందుకు చెప్పిండ్రు నాకు?"

"చెప్పకుంటె నాకు నిద్ర పట్టదు సార్."

ఆయన ఆమె దగ్గర సంజాయిషీ రాయించుకుని, అల్మారా తాళంచెవి తీసేసుకున్నాడు. జూన్‌లో ఆమెను చెన్నూరుకు బదిలీ చేశారు. హనుమండ్లు థర్డ్ క్లాసులో పాసయ్యాడు. సైన్సులో గట్టెక్కడానికి సరిపడా మార్కులే వచ్చాయి. తరవాత మందమర్రికే పోయాడు గానీ, బాయిలోకి కాదు, మీద ఆఫీసులో పనికి.

చెన్నూరులో మరుసటి మార్చిలో జానకీబాయి అదే పాఠం తిరగేసింది. ఆవర్తన పట్టిక గోడకు తగిలించి, పిల్లలందర్నీ గోడవారకు నిలబెట్టి, సీసా మూత తీసింది. పట్టకారు సీసా అంచుకు తగిలి టకటకమన్నది.

"మీకు భయమా టీచర్?" ముందు నిలబడ్డ పిల్ల అడిగింది.

"భయమే బిడ్డా," అంది ఆమె. "నువ్వు ఇంక జర ఎన్కకు జరుగు."