మట్టి ముట్టని తువ్వాలు

మా నందిగామ కళాశాల తరఫున పెనుగంచిప్రోలులోని ఒక బడికి వెళ్లి, ఏడో తరగతి పిల్లలకు ప్రకృతి చక్రాల గురించి చెబుతున్నాను. నేలలో వేసిన ప్రతి నూలుపోగూ మట్టిలో కలిసిపోతుందని రెండు నెలల క్రితం ధీమాగా ప్రకటించి, తలా ఒక పాత నూలుగుడ్డ తెప్పించి, బడి వెనక వరుసగా పాతిపెట్టించాను. ఈ రోజు తవ్వాం.

అన్నీ చీకిపోయి పీలికలుగా చేతికొచ్చాయి. రమీజా పాతిన తువ్వాలు ముక్క మాత్రం అంచు గళ్లతో సహా అలాగే ఉంది.

"నువ్వు పాలిస్టరు తెచ్చుంటావే!" అని పక్కపిల్ల ఎగతాళి చేసింది.

"నూలుదేనే. మా నాన్న మిరపచేలో మందు కొట్టేటప్పుడు మూతికి కట్టుకునేది," అని రమీజా నా వైపు తిరిగింది. "పురుగులు కూడా దీని జోలికి రాలేదేంటక్కా? రేపు మళ్లీ మందు కొట్టాలంట. నాన్నని పోవద్దని చెప్పనా?"

ఒక్క గుడ్డముక్క రుజువు కాదని నాకు తెలుసు. వాదన పోటీలో ప్రత్యర్థి చూపించి ఉంటే అర నిమిషంలో కొట్టిపారేసేదాన్ని. పురుగుమందు లేనిదే పంట లేదని నిరుడు వాదించి కప్పు గెలిచింది నేనే. ఆ వాదన మొత్తంలో మందు కొట్టే మనిషి ప్రస్తావనే లేదు.

"కనుక్కుని చెబుతానమ్మా," అని బస్సెక్కేశాను. మూడుసార్లు చేతులు కడిగినా ఆ తువ్వాలు నుంచి అంటిన మందు వాసన పోలేదు.

ఆనాడు నాకు చప్పట్లు కొట్టిన మిత్రులారా, పొద్దున్నే రమీజా నాన్న చేనికి బయల్దేరతాడు. ఆ పిల్లకు ఏం చెప్పమంటారు?