తమ్ముడి ఎడమ మణికట్టు

మొన్న వేలూరు ఆస్పత్రిలో కంటి పరీక్షకు కూర్చున్నప్పుడు గోడమీది టీవీలో గోల్ఫ్ వస్తూ ఉంటే, పక్కనున్న పెద్దాయన "ఇదేం ఆటప్పా, చూసేదానికి ఏముండాది దీంట్లో?" అన్నాడు. ఒకప్పుడు మా తమ్ముడు ఆ ఆటలో దేశానికే ఛాంపియన్ అని చెప్పబోయి ఊరుకున్నాను. తరవాత ఏమయ్యాడని అడిగితే నా సంగతీ చెప్పాల్సి వస్తుంది.

మాది వేలూరు దగ్గర గుడియాత్తంలో తరాలుగా తాపీపని చేసే ఇల్లు. తమ్ముడు మామ వెంట మద్రాసుకు కట్టుబడి పనికి పోయి, అక్కడ గోల్ఫ్ మైదానానికి ప్రహరీ కడుతూ కడుతూ, ఆటగాళ్ళ సంచులు మోసే పనికి మారి, వాళ్ళు పారేసిన కర్రతోనే ఆట నేర్చుకున్నాడు. విదేశీ కంపెనీలు మన దేశంలో కాలు పెడుతున్న ఆ రోజుల్లో ఈ ఆటకూ పోటీలు పెరిగి, వాడు ప్రొఫెషనల్ అయి, కలకత్తా, ఢిల్లీ తిరిగి, వరసగా రెండేళ్ళు అందరికంటే పైన నిలిచాడు. చదవడం రాని అమ్మ పేపర్లో వాడి బొమ్మ కత్తిరించి బియ్యం డబ్బాకు అంటించుకుంది. నాకూ సంతోషమే గానీ, ఊళ్ళోవాళ్ళు నన్ను మేస్త్రీ అనడం మాని "గోల్ఫాయన అన్న" అనడం మొదలుపెట్టాక లోపల ఏదో కుట్టేది.

విదేశంలో పెద్ద పోటీకి ఇంకా పది రోజులుందనగా వాడు ఇంటికి వచ్చాడు. ఆ రోజు నేను ఒప్పుకున్న మేడకు స్లాబు వేస్తున్నాం. ఇద్దరు కూలీలు రాలేదు, కలిపిన కాంక్రీటు బిగుసుకుపోతోంది. చూడ్డానికి వచ్చి నిలబడ్డ వాణ్ణి పదిమందిలో "ఏం నాయనా, కప్పులు పట్టిన చెయ్యి తట్ట పట్టదా?" అన్నాను. "పట్టకేమన్నా, నువ్వు నేర్పిన పనే కదా" అని నవ్వి, చొక్కా విప్పి నిచ్చెనెక్కాడు. నాలుగో తట్టకు తడి మెట్టు మీద కాలు జారి, ఎడమ మణికట్టు మీద పడ్డాడు.

వేలూరులో కట్టు కట్టించుకొని వచ్చాక, "ఎవుర్రా నిన్ను ఎక్కమన్నింది?" అని నాయన గద్దించాడు. "అన్న వద్దంటానే ఉన్నాడు, నేనే ఎక్కినాను" అన్నాడు వాడు. నేను తల వంచుకొని నిలబడ్డానే గానీ కాదనలేదు. ఆ పోటీ పోయింది. తరవాత నాలుగేళ్ళు ఆడినా మణికట్టు మునుపటిలా తిరగక వాడు మరి గెలవలేదు. అమ్మా నాయనా ఆ అబద్ధాన్నే నమ్మి కన్నుమూశారు. వాడు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు; ఇప్పుడు మద్రాసులో పిల్లలకు ఆట నేర్పుతూ, వారానికొకసారి ఫోన్ చేసి నా కళ్ళ సంగతి అడుగుతాడు.

ఈనాడు కాంక్రీటు లారీలో కలిసి వస్తుంది, పైపులో మూడో అంతస్తుకు ఎక్కుతుంది, తట్ట మోసేవాళ్ళే లేరు. ఆనాడే ఆ యంత్రం ఉండుంటే వాడి చెయ్యి నిలిచేదని నాకు నేనే చెప్పుకుంటూ ఉంటాను. కానీ ఆ రోజు కూలీలంతా వచ్చి ఉన్నా, నేను ఆ మాట అనకుండా ఉండేవాణ్ణా?