నేలతో మళ్లీ మాట కలిపిన పిల్ల

మా కోచ్ ఇక లేదన్న ఫోను ఆమె సొంతూరు చిట్యాల నుంచి వచ్చేసరికి మేమంతా నేల మీద ఉన్నాం. జనగామలో మా ఇంటి డాబా మీద, పొద్దున్న కసరత్తు క్లాసు మధ్యలో. ఫోను చేసింది ఆమె తమ్ముడు. నేల మీది నుంచి లేవడం మాకు బాగానే వచ్చు, ఆమే నేర్పింది. అయినా ఆ పూట చాలాసేపు ఎవరమూ లేవలేదు.

ఆమెది నా మనవరాలి వయసు. నేను బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. చెప్పడమే గానీ చెప్పించుకోవడం అలవాటు లేదు. ఒకసారి జారిపడి చెయ్యి విరిగింది. చెయ్యి అతికింది, ధైర్యం అతకలేదు. అప్పటి నుంచి నేలకూ నాకూ మాటల్లేవు. పెళ్లిళ్లలో నా ఈడు వాళ్లంతా జంపఖానా మీద కూర్చుని నవ్వుకుంటుంటే, నేనొక్కదాన్నే కుర్చీలో, తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా. చూడలేక మా కోడలు జిమ్ములో పనిచేసే ఈ పిల్లను ఇంటికి పిలిపించింది.

వచ్చీ రాగానే "కింద కూసో అవ్వా" అంది.

"కూసుంట. లేపుటానికి క్రేన్ తెచ్చినవా?"

"క్రేన్ ఎందుకు, మోకాలున్నది గద."

"అది నాకన్న ముందే రిటైరైంది."

"అయితే మళ్ల డ్యూటీల తీసుకుందాం తియ్."

ఆమె పద్ధతి చెప్పడానికి తేలిక. పక్కకు తిరగాలి. అరచేతులు ఆనించి మోకాళ్ల మీదికి రావాలి. ఒక పాదం ముందుకు పెట్టి, తొడ మీద చెయ్యి ఒత్తి లేవాలి. డెబ్బై దాటిన వాళ్లు మీలో ఉంటే, ఈ నాలుగు మాటల్లో ఎంత ప్రయాణం ఉందో తెలుస్తుంది. నేను సగంలో ఆగిపోయి సిగ్గుపడితే ఆమె ఒప్పుకునేది కాదు. "నడుమ ఆగుడంటె ఓడిపోవుడు కాదవ్వా, జర దమ్ము తీసుకునుడు" అనేది.

నన్ను చూసి పక్కింటి షావుకారమ్మ వచ్చింది. దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చుని కూర్చుని ఆమె నడుము గల్లాపెట్టె ఆకారానికే వచ్చింది. ఆమె వెంట వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. కోచ్ పొద్దున మాతో, ఆ తర్వాత జిమ్ములో, అక్కడి నుంచి రైలెక్కి మానుకోటకు. అక్కడ కాలేజీలో వ్యాయామ విద్య చదివేది. రైల్లో కూర్చుని చదువు, నిలబడితే కునుకు. దారిలో కేసముద్రం నా పుట్టినూరు. "మీ ఊరు మంచిగనే ఉన్నదవ్వా. మార్కెట్ యార్డు కాడి పత్తి రైల్లకు ఎగిరొచ్చి నా పుస్తకం మీద కూసుంటంది" అని కబురు మోసుకొచ్చేది.

చదువు ఆఖరికి వస్తుండగా ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. కాలేజీ ఆగింది. హైదరాబాద్ దవాఖానలో చికిత్స. తిరిగొచ్చినప్పుడు తలకు చున్నీ, ముఖంలో రెండు కళ్లే మిగిలాయి. నేనేదో అనబోతే తనే అందుకుంది: "జడేసుకునే పని తప్పింది. ఆ టైము గూడ మీ మీదనే పెడుత."

ఆ రోజే మాకు చూపించడానికని నేల మీద కూర్చుంది. లేవలేకపోయింది.

షావుకారమ్మే నోరు తెరిచింది. "ఏందే, మాకైతె మస్తు సెప్తివి? పక్కకు తిర్గు!" ఇంకేముంది, అందరం ఆమె మాటలే ఆమె మీదికి విసిరాం. అరచేతులు! మోకాళ్లు! పాదం! సగంలో ఆగి తల వంచుకుంది. "ఏమైంది బిడ్డా?" అన్నాను. "ఏం కాలె. దమ్ము తీసుకుంటున్న" అని నవ్వి, లేచింది. పురిట్లో కూడా నేనంతసేపు ఊపిరి బిగబట్టలేదు.

మళ్లీ రైలెక్కింది. ఒకరోజు నాతో మాత్రం అంది: "రోగం తిరిగొస్తదో రాదో. అది వచ్చేలోపల నేను టీచర్ననిపించుకోవాలె అవ్వా." దానికి మిగిలింది ఒకటే, పరీక్షాధికారి ముందు పాఠం చెప్పి చూపడం. తక్కినవాళ్లు బడిపిల్లలను తీసుకెళ్తారు. ఆమె మమ్మల్ని తీసుకెళ్లింది.

పరీక్షకు ఏం కట్టుకోవాలో మాకెవరు చెప్పారు? అందరం పట్టుచీరలు కట్టాం. షావుకారమ్మ పులిహోర గిన్నె కూడా తెచ్చింది. అధికారి మమ్మల్ని చూసి, "పెళ్లి పక్క ఫంక్షన్ హాల్లనమ్మా" అన్నాడు. "మేమే మీ విద్యార్థులం సార్" అన్నాను. పట్టుచీరతో నేల మీది నుంచి లేవడం ఎంత కష్టమో పట్టుపురుగుకు కూడా తెలియదు. షావుకారమ్మ సగంలో ఆగిపోయింది. ఆయన గాభరాగా చెయ్యి అందివ్వబోయాడు.

"ముట్టకుండ్రి సార్" అంది మా కోచ్. "ఆమె పడలేదు, ఆగింది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షావుకారమ్మ లేచింది. మా కోచ్ పాసైంది. పులిహోర అధికారి కూడా తిన్నాడు, అయితే మార్కులు వేశాకే.

ఆ తర్వాత రోగం ఊపిరితిత్తులకు పాకింది. చిట్యాలలో మంచం మీది నుంచి కూడా ఫోనులో మా క్లాసు వినేది. ఆమె బదులు క్లాసు నడుపుతూ నేను ఎవరినైనా తొందరపెడితే, "టీచరమ్మా, జర ఆగు" అని అటు నుంచి దగ్గు, నవ్వు కలిసి వినిపించేవి.

దినాలయ్యాక మేం చిట్యాల వెళ్లాం. వాళ్లమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. పక్కనే కూర్చున్నాం. చావింట్లో పోయొస్తామని చెప్పకూడదు కదా, మాటలు అయిపోయాక ఊరికే లేచాను. పక్కకు తిరిగి, అరచేతులు, మోకాళ్లు, పాదం. ఆ తల్లి నన్నే చూసింది.

"నా బిడ్డ గిట్లనే లేస్తుండె. నాకు నేర్పుతనంటె, ముందుగాల నీ పరీక్ష కానియ్యె అన్న."

నేను మళ్లీ కింద కూర్చున్నాను. "పరీక్ష అయింది గద. పక్కకు తిరుగు బిడ్డా."

తిరిగింది. అరచేతులు ఆనించింది. మోకాళ్ల మీదికి వచ్చి, ఒక పాదం ముందుకు పెట్టి, అక్కడ ఆగింది. కొడుకు పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపాడు.

"ముట్టకు నాయినా" అన్నాం అందరం ఒక్కసారే.

తొడ మీద చెయ్యి, గడప మీద చూపు. దమ్ము తీసుకుంటోంది. మాలో ఎవరికీ తొందర లేదు.