చెరువులో తేలిన దిబ్బ

మొన్న మా అమ్మాయి ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్ నుంచి ఫోన్లో పటం పంపి, నీలం చుక్క ఉన్న చోటికి రమ్మంది. వెళ్ళి చూస్తే సరిగ్గా ఆ చుక్క చూపిన కొట్టు ముందే నిలబడి ఉంది. ముచ్చట వేయాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. తొంభైలలో అలాంటి ఒక్క చుక్క కోసం నేను పడ్డ అవస్థ నా ఈడు వాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది.

మా నాన్న బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను చదువు ముగించి, పాతకాలపు ఊళ్ళ ఆనవాళ్ళు వెతికి పటాలు తయారుచేసే చిన్న బృందంలో చేరాను. పక్కనున్న సాలువా ఊరు దాటాక పొలాల మధ్య ఒక మట్టిదిబ్బ ఉండేది. వాన పడితే చాలు, ఏనాటివో కుండపెంకులు పైకి తేలేవి. దాన్ని కంప్యూటరు పటంలోకి ఎక్కిస్తే, ఎవరూ తవ్వకుండా కాపాడమని ప్రభుత్వంలోని పైవాళ్ళను అడగవచ్చని బృందం నడిపే మా సారు ఆశ. అందుకని ఉపగ్రహాల సాయంతో చోటు చెప్పే జీపీఎస్ పెట్టె ఒకటి తెప్పించారు.

ఆడపిల్లను ఒంటరిగా పొలాలకు పంపలేక అమ్మ నా వెంట వచ్చేది. ఆ పెట్టె చెట్టు నీడలో పనిచేయదు, ఎండలో దాని అంకెలు కనబడవు, ఉపగ్రహాల జాడ దొరికేసరికి బ్యాటరీలు అయిపోతాయి.

"ఏటే, దానికి ఆకాశం కనబడ్డం లేదా? నాకు కనబడతంది గదా" అని అమ్మ విసుక్కునేది.

పళ్ళు నూరుకుంటూ రాసుకొచ్చిన అంకెలు కంప్యూటరులో వేస్తే దిబ్బ కాస్తా పక్క చెరువు నడిమధ్యన తేలేది, మళ్ళీ కొలిస్తే ఇంకెక్కడో, ఈలోగా కరెంటు పోతే చేసిందంతా గంగపాలు. తప్పు నాదని సారూ, పెట్టెదని నేనూ వాదించుకుంటూనే రెండు శీతాకాలాలు గడిపాం. ఆ పొలం రైతును దాదా అని పిలిచేవాళ్ళం. దిబ్బ చదును చేస్తే వరి వేసుకుంటానని ఆయన అన్నప్పుడల్లా, పటం అయ్యేదాకా ఆగమని బతిమాలేదాన్ని. పాపం, ఆగేవాడు.

రెండో శీతాకాలం చివర సారు ఇంకో పెట్టె సంపాదించి, రెంటినీ సరిపోల్చి తప్పు దిద్దే పద్ధతి పట్టుకున్నారు. పటం కుదిరింది. వానలు తగ్గాక దాన్ని చుట్టచుట్టి పట్టుకుని, అమ్మతో కలిసి దాదాకు చూపించడానికి పరుగున వెళ్ళాను. దిబ్బ ఉండాల్సిన చోట వరి పచ్చగా ఊగుతోంది.

"చలి పోయాక మీరు మళ్ళీ రాలేదు దీదీ, ఇక రారనుకున్నాను" అన్నాడు దాదా హిందీలో, ఏ దాపరికమూ లేకుండా.

పటం అయ్యేదాకా ఆగమన్నాను కదా అని ఆయన మీద విరుచుకుపడ్డాను. అమ్మ మాత్రం గట్టు మీద కూర్చుని, "ఆయనేటి సేస్తాడే, ఎన్నాళ్ళని ఆగుతాడు?" అంది. అమ్మ మీద కూడా కోపం వచ్చింది, ఆ మాట నిజం కనక.

ఇప్పటి పిల్లలు చోటు గుర్తించే ఆ పని నిలబడ్డ పాటున ముగించేస్తున్నారు. ఆ సదుపాయం ఆనాడే ఉంటే మొదటి శీతాకాలంలోనే పటం పైవాళ్ళకు చేరేది. చేరితే మాత్రం ఎవరైనా కదిలి వచ్చేవారా అంటే, ఏమో, చెప్పలేను. ఆ కోపం ఎవరి మీద చూపించాలో ఈ వయసులోనూ నాకు తెలియడం లేదు.