రేకులమ్మను సాగనంపిన సూరయ్య

కట్టినవాడి పేరు అందరూ చెప్పుకుంటారు. విప్పినవాడి పేరు ఎవడికి కావాలి? అందుకే మా సూరయ్య గురించి నేనే చెబుతాను. అమలాపురం పాతబజారులో వంగిన దీపస్తంభాలు, పాడుబడ్డ చావిళ్ళు మునిసిపాలిటీ తరపున విప్పింది ఆయనే. పక్క కొట్టు గోడకు గీతైనా పడనిచ్చేవాడు కాదు.

ఏది విప్పినా ముందు దాని రాటకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కాయ కొట్టి, "ఇన్నాళ్ళూ నీడనిచ్చేవు, తప్పు కాయి తల్లీ" అని దణ్ణం పెట్టుకునేవాడు. ఆ దణ్ణమే ఓసారి ఆయన కొంప ముంచింది.

యాభై నాలుగులో, బట్టల కొట్ల వీధి నడుమనున్న పూలవాళ్ళ రేకుల షెడ్డు విప్పమన్నారు. దూలాలన్నీ చెద తినేసి, షెడ్డు మొత్తం నడిరాట మీదే నిలబడి ఉంది. సూరయ్య అలవాటు ప్రకారం పసుపు రాసి, కాయ కొట్టాడు. అంతలో ముసురు పట్టి పని ఆగింది. ముసురు విడిచాక వెళ్ళి చూస్తే రాటకు చామంతి దండ, రవికెల గుడ్డ, ముందు దీపం. బట్టలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు ఆ పసుపూ బొట్టూ చూసి అమ్మవారు వెలిసిందనుకున్నారు. రేకులమ్మ అని పేరు కూడా పెట్టేశారు. రాట మొదట్లో పీట వేసుకుని పూలమ్మే వీరలక్ష్మికి ఇక రోజూ పండగే.

"ఆ పసుపు నేను రాసిందేనమ్మా" అని సూరయ్య మొత్తుకున్నాడు.

"మీ చేత ఆవిడే రాయించుకుందండి" అంది వీరలక్ష్మి.

సూరయ్య ఓవర్సీరు కృపారావు గారి దగ్గరికి పరుగెత్తాడు.

"చర్చికెళ్ళేవాణ్ణి, నేనొచ్చి అమ్మవారిని పీకేయమంటే ఊరుకుంటారటయ్యా? నీ పసుపు, నీ తంటా" అన్నారాయన.

ఊరంతా నవ్వుకుంది గానీ సూరయ్యకు నిద్ర లేదు. షెడ్డు కింద జనం పెరుగుతున్నారు, పైన దూలం దిగుతోంది. అది ఎవరి నెత్తిన పడుతుందోనని ఆయన నిజంగా భయపడ్డాడు. లేవమంటే ఒక్కరూ లేవరు. అమ్మవారు ఎక్కడుంటే వాళ్ళూ అక్కడే. మరి అమ్మవారే కదిలితే?

మంగళవారం పొద్దున్నే డప్పులవాళ్ళతో దిగాడు.

"ఇన్నాళ్ళు జాతరలా కొలిచేక అమ్మవారిని సాగనంపకపోతే అరిష్టం కాదా అండీ? రేకులమ్మని కాలవకి సాగనంపుదాం."

దీన్ని మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. పద్ధతి పద్ధతే. సూరయ్య అందరినీ షెడ్డు బయట నిలబెట్టి, తాటిమొద్దు ఆసరా పెట్టి, రాటను కోసి, చీర చుట్టి భుజానికెత్తుకున్నాడు. డప్పులు మోగాయి. వీధి వీధంతా ఆయన వెనక నడిచింది. కొట్లవాళ్ళు కూడా తలుపులు వేసుకుని వచ్చారు. వీరలక్ష్మి బుట్టెడు పూలూ దారి పొడవునా చల్లింది. వెనక షెడ్డుకు మోకులు కట్టి లాగడానికి సూరయ్య మనుషులే మిగిలారు.

రాటను కాలవలో వదులుతుండగా బజారువైపు నుంచి పెద్ద చప్పుడైంది. అందరూ వెనక్కి పరుగెత్తారు. షెడ్డు నేలమట్టమైంది. పనివాళ్ళు రోడ్డు మీద బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు.

"మోకు ముట్టుకోకముందే పడిపోయిందండి. ఆసరా ఆగలేదు" అన్నాడు వాళ్ళలో ఒకడు.

దూలం కింద వీరలక్ష్మి పీట రెండు ముక్కలైంది. ఆమె ఆ ముక్కలు చూసి సూరయ్య వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ఈపాటికి నేనక్కడ బోణీ చేసుకుంటూ ఉండేదాన్నండి."

"ఆయ్, తెలుసమ్మా" అన్నాడు సూరయ్య. "అందుకే డప్పులు పొద్దున్నే పిలిచేను."