మూడో పలక మీది ఆక్టోపస్

గిద్దలూరుకు నేను వెళ్ళింది తప్పు ఒప్పుకోవడానికి. ఈ వయసులో ఆ మాట రాయడం సులువేమీ కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, మార్కాపురం దగ్గర ఒక బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. డ్రాయింగు మాస్టారు దానియేలు మా తరగతి గోడ మీద సముద్రం బొమ్మ వేశాడు. బూడిదరంగు రాళ్ళు, వాటి మీద అదే రంగులో ఆక్టోపస్. ఒక్క కన్ను తప్ప ఏమీ తెలియదు. "ఆక్టోపస్ ఏదయ్యా? కూలోళ్ళ మాదిరి పని ఎగ్గొట్టినావా?" అన్నాను, పిల్లలందరి ముందు. అతని అమ్మానాన్నలు కూలికి పోయేవారని తెలిసే అన్నాను. జన్మలో పుస్తకం తెరవని మా హెడ్మాస్టరు పగలబడి నవ్వాడు. దానియేలు చేతే దాని మీద సున్నం కొట్టించి, ఊదారంగుది వేయించాను.

ఈ మధ్యే ఒక పుస్తకంలో చదివాను. ఆక్టోపస్ చర్మం నిండా చిన్న చిన్న రంగు సంచులుంటాయి. చుట్టూ ఉన్న కండరాలు లాగితే సంచి విచ్చుకుని రంగు పరుచుకుంటుంది, వదిలితే ముడుచుకుని చుక్కవుతుంది. చర్మం రాయిలా గరుకుగా కూడా లేస్తుంది. దానియేలు వేసిందే నిజం.

ఉదయం ఏడింటికి మార్కాపురంలో బస్సెక్కి, కంభం మీదుగా రెండు గంటల్లో గిద్దలూరులో దిగాను. ఆటో ఇరవై రూపాయలు. దానియేలు పేరు చెప్తే, "బోర్డులు రాసే తాతనా? చర్చి ఎనకాల సందులో ఉంటాడు, ఎక్కు పెద్దాయనా" అన్నాడు డ్రైవరు.

దానియేలు గడప మీదే ఉన్నాడు. "ఏంది సార్, దారి తప్పినారా?" అన్నాడు. తప్పు నాదని చెప్పడానికి బదులు సంచుల గురించి పాఠం మొదలుపెట్టాను. అతను ఓపికగా విన్నాడు.

"ఆ సంచుల సంగతి నాకేం తెలుసు సార్? రాళ్ళ మధ్య బతికేది రాయి మాదిరి లేకుంటే ఎవరో ఒకరు తినేస్తారు గదా, అందుకే అట్ల వేసినా."

అప్పటికి అసలు మాట అన్నాను. "తప్పు నాది దానియేలూ."

"పోనీలే సార్. సున్నం కొట్టించిన వారమే ఇంకోటి వేసినా. మీ కుర్చీకి ఎదురుగా పలకల దొంతి బొమ్మ ఉండె గదా? పైనుంచి మూడో పలక మీద, పలక రంగులోనే. మీరు బదిలీ అయ్యేదాకా తొమ్మిదేళ్ళు మిమ్మల్నే చూసింది, మీరే చూడలా." పడీపడీ నవ్వి, మెల్లగా అన్నాడు: "నా బొమ్మల్లో బాగా కుదిరింది అదొక్కటే. ఉందో లేదో చూసి చెప్పండి సార్."

మధ్యాహ్నం బస్సుకే వెనక్కి వచ్చి, నేరుగా బడికి వెళ్ళాను. గోడ పసుపుపచ్చగా మెరుస్తోంది. "పోయిన ఎండాకాలం గీకి రంగులేసినారు సార్" అన్నాడు అటెండరు. నా కుర్చీ ఉండే చోట కాసేపు నిలబడ్డాను.

ప్రపంచంలోని పుస్తకాలన్నీ చదివానని విర్రవీగిన నేను, ఎదురుగా ఉన్న గోడను తొమ్మిదేళ్ళు చదవలేదు. అటు వెళ్ళేవారికి ఒకటే సలహా: ఉదయం బస్సులో కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. ఒప్పుకోవలసింది ఏదైనా ఉంటే ఆ బస్సు ఈ ఏడాదే ఎక్కండి.

సాయంత్రం దానియేలుకు ఫోన్ చేశాను. గోడ గీకేసిన సంగతి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "చాలాసేపు చూశాను, నాకు కనపడలేదు" అన్నాను.

"అట్లనా సార్!" అన్నాడు. అతని గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.